ఒక చుట్టుకు 200 అడుగులు

2022 డిసెంబరులో నెలగంట పట్టిన నాడు, రాజమహేంద్రవరంలోని ఒక ఇంటి వాకిట ఇల్లాలి చేతి ముగ్గు లేకుండా తెల్లవారింది. ఆమె ఆ ఇంట కాపురానికి వచ్చిన నలభై ఆరేళ్ళలో అటువంటి ధనుర్మాసం రావడం అదే మొదటిసారి.

ఆ యేడు శ్రావణంలో ఆమె రెండు మోకాళ్ళకూ శస్త్రచికిత్స జరిగింది. లోహపు కీళ్ళు అమర్చారు. నొప్పి పోయింది, నడక వచ్చింది, మెట్లు కూడా ఎక్కగలిగింది. కాని గొంతుక్కూర్చోవద్దని, ఎక్కువసేపు వంగి ఉండవద్దని వైద్యులు ఖండితంగా చెప్పారు. కోడలు మంచి మనస్సుతోనే బజారునుంచి అంటించే ముగ్గు కాగితం ఒకటి తెచ్చి గుమ్మం ముందు అతికించింది. ఇల్లాలు దానిని చూసి ఏమీ అనలేదు. ఆ మరునాటి నుంచి ఉదయం పూట వీధి తలుపు దగ్గరకు రావడమే మానుకున్నది.

ఆమె భర్త రైల్వేలో సిగ్నళ్ళ శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ప్రతి ఉదయమూ భార్య వేసిన ముగ్గును ప్రక్కనుంచి దాటి పాలకోసం వెళ్ళడమే తప్ప, అది ఎట్లా వేస్తారో ఆయన ఏనాడూ నిలబడి చూసి ఎరుగరు. వీధి తలుపు దగ్గరి ఆ వెలితి ఆయనకు పది రోజులకు గాని తెలియలేదు. తెలిసిన తరువాత మాత్రం నిద్ర పట్టలేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మనుమరాలిని పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

“అమ్మా, ముగ్గు వేసే యంత్రం మనం చేయగలమా?”

“చేయవచ్చు తాతయ్యా. ముందు మోటారు సంగతి తేలాలి,” అన్నది ఆ పిల్ల.

మోటారు సంగతి తేలడానికి రెండు సంవత్సరాలు పట్టింది.

ఆటబొమ్మలలో ఉండే సాధారణపు మోటారుకు విద్యుత్తు ఇస్తే తిరుగుతూనే ఉంటుంది. ఎంత తిరిగినదీ దానికీ తెలియదు, మనకూ తెలియదు. బ్యాటరీ నీరసించినకొద్దీ దాని వేగమూ తగ్గుతుంది. ఒకే పెట్టెలో వచ్చిన రెండు మోటార్లు కూడా ఒక్క తీరుగా తిరగవు. కావున అటువంటివి రెండు కట్టిన బండి తిన్నగా పోదు. బొమ్మ విమానాల రెక్కలు కదిలించే చిన్న సర్వో మోటారు చెప్పిన కోణానికి చేరి నిలుస్తుంది గాని, సాధారణంగా అర్ధవలయం దాటి తిరగదు. స్టెప్పర్ మోటారు తీరు వేరు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు టక్కుమని ఒక గీత జరిగి, ఆగి, మళ్ళీ టక్కుమని జరగడం అందరూ చూసినదే. ఆ క్వార్ట్జ్ గడియారం లోపల ఉన్నది ఒక బుల్లి స్టెప్పర్ మోటారే. విద్యుత్ స్పందన ఒకటి పంపితే ఒక అడుగు, నూరు పంపితే నూరు అడుగులు. యంత్రాలలో విరివిగా వాడే రకంలో ఒక అడుగంటే 1.8 డిగ్రీలు. పూర్తి చుట్టుకు 200 అడుగులు. చక్రం చుట్టుకొలత తెలిస్తే అడుగులు లెక్కపెట్టి దూరం కొలవవచ్చు.

మనుమరాలు ఇదంతా చెప్పగా, పెద్దాయన చాలాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశారు. “అడుగు వేయమని మనం చెబుతాం, సరే. వేసినట్టు అది తిరిగి కబురు చెబుతుందా?”

“చెప్పదు.”

ఆయన ముఖం చిట్లించారు. ఉద్యోగమంతా ఆయన నేర్చినది ఒక్కటే. పట్టాల మీద కదిలే కొన, పాయింటు, పూర్తిగా జరిగి అతుక్కున్నదని తిరుగు రుజువు అందేవరకు ఆ దారికి పచ్చ సిగ్నలు ఇవ్వరాదు. లీవరు లాగాం కాబట్టి పాయింటు జరిగే ఉంటుందని అనుకున్నవాడు సిగ్నళ్ళ శాఖలో ఉండదగడు. ఇక్కడ చూస్తే లాగడమే గాని రుజువు లేదు. బరువు ఎక్కువై మోటారు ఒక అడుగు తప్పితే, తప్పిందని ఎవరికీ తెలియదు. మిగతా ముగ్గంతా ఆ తప్పు మీదనే సాగిపోతుంది.

“అందుకనే తాతయ్యా, అది మోయగలిగినదానికంటే బాగా తక్కువ పని అప్పగించాలి. అప్పుడు తప్పదు,” అన్నది మనుమరాలు. ఆయనకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా పని మొదలైంది.

మొదట కొన్నది అన్నిటికంటే చిన్నది. 28బివైజె-48 అనే పేరుతో దొరికే 5 వోల్టుల మోటారు, రూపాయి నాణెం కంటే కొంచెం పెద్దది. దాని లోపలి కడ్డీ చుట్టుకు 32 అడుగులు వేస్తుంది. ఆ చలనాన్ని పళ్ళచక్రాలు సుమారు 64 వంతులు నెమ్మది చేసి బయటికి ఇస్తాయి. అంటే బయటి ఇరుసు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 2048 అడుగులు. చవక, తేలిక. రెండు చక్రాలకు రెండు మోటార్లు, నడుమ ముగ్గుపిండి గరాటు పెట్టి తాబేలువంటి బండి ఒకటి తయారుచేశారు. నడవలో నునుపు గచ్చు మీద అది గంభీరంగా కదిలి ఒక గీత గీసింది. రెండవ గీత గీయడానికి తిరిగినప్పుడు దాని చక్రం మొదటి గీత మీదుగా పోయి, పిండిని పదంగుళాల మేర ఈడ్చుకుంటూ వెళ్ళింది.

పడక కుర్చీలో కూర్చుని అంతవరకు చూడనట్టు చూస్తున్న ఇల్లాలు అప్పుడు నోరు విప్పింది. “ఏమండీ, ముగ్గు వేసేవాళ్ళెవరైనా వేసినదాన్ని తొక్కుకుంటూ నడుస్తారా?”

ఆ ఒక్క మాటతో తాబేలు అటకెక్కింది. అది ఎక్కదగినదే. పళ్ళచక్రాల మధ్య ఉండే వదులు వల్ల, దిక్కు మారినప్పుడల్లా మోటారు కొంత తిరిగిన తరువాత గాని చక్రం కదలడం లేదు. మెలికల ముగ్గులో గీత చుక్కలన్నిటినీ చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. కలవకపోతే అది ముగ్గు కాదు. తాబేలు గీసిన మెలిక రెండు వేళ్ళ వెడల్పున విడిపోయింది.

తొక్కకుండా గీయడం ఎట్లా? ఈ చిక్కు విప్పినది ఎలక్ట్రానిక్స్ కాదు, పెద్దాయన రైల్వే జ్ఞాపకం. సరుకుల యార్డులలో గోలియత్ క్రేన్ ఉంటుంది. రెండు కాళ్ళ మీద వంతెనలా నిలిచి, క్రింద ఏమున్నా తాకకుండా ఇటూ అటూ నడుస్తుంది. ముగ్గుకూ అదే పద్ధతి. గజానికి కొంచెం మించిన అల్యూమినియం వంతెన, దాని రెండు చివరల చక్రాలు. ముగ్గు నడుమ, చక్రాలు వెలుపల. వంతెన మీద పిండి గరాటు ఎడమకూ కుడికీ జరుగుతుంది. వంతెన ముందుకూ వెనుకకూ నడుస్తుంది. ఈ రెండు చలనాలూ కలిస్తే ఏ వంపైనా గీయవచ్చు. అంటే మూడు మోటార్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చింది, ఎంత మోటారు కావాలని. పెద్దాయన పెండ్లికని హైదరాబాదు వెళ్ళి, కోఠీలో గుజరాతీ గల్లీ దుకాణాలన్నీ తిరిగి, తిరుగు ప్రయాణంలో సంచి మోయలేక మోయలేక ఇల్లు చేరారు. అందులో నేమా 23 రకం మోటార్లు రెండు ఉన్నాయి. ముఖం 57 మిల్లీమీటర్లు, ఒక్కొక్కటి దాదాపు కిలో బరువు. తక్కువదానితో ఒకసారి భంగపడినవాడు రెండవసారి అక్కరకు మించి తెచ్చుకోవడం లోకంలో ఉన్నదే.

మనుమరాలు వాటిని బల్ల మీద పెట్టి, కాగితం కలం తీసుకున్నది. మోటార్లు లేకుండా వంతెన బరువు 3 కిలోలు. ఇవి రెండూ తగిలిస్తే 5 కిలోలు. అంటే మోటారు బలంలో కొంత మోటారును మోయడానికే. పైగా అవి ఒక్కొక్కటి 3 ఆంపియర్ల విద్యుత్తు తాగే రకం. తమ దగ్గరున్న చిన్న నియంత్రణ పలక అంత ఇవ్వలేదు. స్టెప్పర్ మోటారుకు మరొక గుణమున్నది. కదలకుండా నిలిచి ఉన్నప్పుడు కూడా, నిలిచిన చోటును పట్టి ఉంచడానికి విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది?

“ఊహతో కొనకూడదు తాతయ్యా, కొలిచి కొనాలి,” అన్నది.

కొలవడానికి వంటింట్లోని స్ప్రింగు త్రాసు చాలింది. వంతెనకు మోటార్ల బదులు అరకిలో కందిపప్పు పొట్లం కట్టారు. వాకిలి వానినీరు పోవడానికి వీధి వైపు గజానికి రెండంగుళాల చొప్పున వాలి ఉన్నది. త్రాసు కొక్కెం తగిలించి ఆ వాలుకు ఎదురుగా మెల్లగా లాగితే, ముల్లు 300 గ్రాముల దగ్గర నిలిచింది. చక్రం వ్యాసం 8 సెంటీమీటర్లు, అందువల్ల వ్యాసార్ధం 4. బలాన్ని ఆ దూరంతో గుణిస్తే 1.2 కిలోగ్రాం-సెంటీమీటర్లు. దీనినే ఇంజనీర్లు టార్కు అంటారు. త్రిప్పే బలం అని మనం అనుకోవచ్చు. రెండు మోటార్లు పంచుకుంటే ఒక్కొక్కదానికి 0.6. తాబేలులోని చిన్న మోటారు బలం సుమారు 0.35 మాత్రమే. వాకిట్లో పెట్టి ఉంటే అది కదిలేదే కాదు. తెచ్చిన పెద్ద మోటార్ల బలమో, ఈ పనికి పది వంతులు మించినది.

నడుమనున్నది నేమా 17. ఈ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 17 అనే అంకె బలాన్ని చెప్పదు. అది అమెరికాలోని విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నిర్ణయించిన ముఖం కొలత. 1.7 అంగుళాలు, అంటే సుమారు 42 మిల్లీమీటర్ల చదరం. ముఖం ఒకటే అయినా మోటారు పొడవు 20 మిల్లీమీటర్లు ఉండవచ్చు, 60 ఉండవచ్చు. బలం ఆ పొడవును బట్టి, లోపలి తీగచుట్టను బట్టి మారుతుంది. “నేమా 17 ఇవ్వండి” అని అడగడం, “ఎనిమిదో నంబరు చెప్పులు ఇవ్వండి” అని అడిగి అవి తోలువో రబ్బరువో చూడకుండా తెచ్చుకోవడం వంటిది.

వారు ఎంచుకున్నది 38 మిల్లీమీటర్ల పొడవుది. బరువు 285 గ్రాములు. నిలిచి పట్టుకునే బలం 3.7 కిలోగ్రాం-సెంటీమీటర్లు. అయితే ఆ అంకె మోటారు నిలిచి ఉన్నప్పటిది. తిరుగుతున్నప్పుడు వేగం హెచ్చినకొద్దీ బలం తగ్గిపోతుంది. అమ్మేవారు పెద్ద అక్షరాలలో వ్రాసేది మొదటి అంకెనే, కొనేవారికి కావలసినది రెండవది. అదృష్టవశాత్తు ముగ్గుకు తొందర లేదు. సెకనుకు 5 సెంటీమీటర్లు సాగితే చాలు. ఆ 8 సెంటీమీటర్ల చక్రానికి అది నిమిషానికి 12 చుట్లు. అంత నెమ్మదిలో బలం దాదాపు చెక్కుచెదరదు. గరాటును జరిపే మూడవ మోటారు మోసేది అరకిలో పిండి మాత్రమే గనుక, దానికి అదే ముఖం గల పొట్టి రకం సరిపోయింది.

మోటారు మీది చీటీ పెద్దాయనను మరొక రాత్రి మేలుకొలిపింది. దాని మీద 2.8 వోల్టులని ఉన్నది. మనుమరాలు ఇవ్వబోతున్నది 12 వోల్టులు. “కాలిపోదూ?” తీగచుట్ట నిరోధం 1.65 ఓములు, ప్రవాహం 1.7 ఆంపియర్లు. గుణిస్తే 2.8. ఆ లెక్క ప్రవాహాన్ని అదుపు చేసేవారు లేనప్పటిది. కాని తీగచుట్టలో ప్రవాహం ఒక్క క్షణంలో పెరగదు. దానికి సహజంగా ఒక బద్ధకమున్నది. వోల్టులు ఎక్కువ ఇస్తే ఆ బద్ధకం త్వరగా వదులుతుంది. ప్రవాహం నిర్ణీత హద్దును తాకగానే ఎ4988 అనే చిన్న నియంత్రణ పలక క్షణక్షణమూ సరఫరాను తెంచి, మళ్ళీ కలిపి, హద్దు దాటనివ్వదు. ఆ హద్దును ఒక బుల్లి మరను త్రిప్పి నిర్ణయించాలి. ఆ పలక 1 ఆంపియరు వరకు తట్టుకుంటుంది, అంతకు మించితే వేడిని లాగే రేకు అతికించాలి. వారు 1 ఆంపియరు దగ్గరే నిలిపారు. బలం కూడా ఆ నిష్పత్తిలో తగ్గి సుమారు 2.2 అయింది. కావలసినది 0.6 గనుక మూడింతలకు మించిన మిగులు.

పెద్దాయన ఆ మిగులును చూసి మొదటిసారి తృప్తిగా తల పంకించారు.

అంతటితో చిక్కులు తీరలేదు. మోటారునుంచి వచ్చే నాలుగు తీగెలలో ఏ రెండు ఒక జతో తెలియనప్పుడు, ఏవైనా రెండింటిని కలిపి ఇరుసును వేళ్ళతో త్రిప్పి చూడాలి. జత సరియైనదైతే ఇరుసు బిగుసుకుంటుంది. ఈ కిటుకు ఆయనకు ఎంతో నచ్చింది, ఇంటికి వచ్చినవారికల్లా చేసి చూపించారు. ఆ ఉత్సాహంలోనే ఒకనాడు విద్యుత్తు ఉండగా మోటారు తీగె ఊడదీశారు. పలక చిటుక్కుమని మాడిపోయింది. ప్రవహిస్తున్న తీగచుట్టను హఠాత్తుగా తెంచితే వోల్టులు పైకెగురుతాయి. రిలేలతో జీవితం గడిపిన మనిషికి అది తెలియనిది కాదు. అందువల్లనే ఆ పూటంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

పూర్తి అడుగులతో నడిపితే, అడుగు అడుగుకూ వంతెన గడగడమని వణికింది. చక్రం మీద ఒక అడుగంటే 1.26 మిల్లీమీటర్లు. ఎ4988 ఒక్కొక్క అడుగును 16 భాగాలు చేయగలదు. అట్లా చేయగానే వంతెన నూనె మీద జరిగినట్టు సాగింది, చప్పుడు పోయింది. దానితోపాటు పిండి రావడమూ ఆగిపోయింది. అంతవరకు ఆ వణుకే గరాటును కుదుపుతూ పిండిని రాలుస్తున్నదని అప్పుడు గాని తెలియలేదు. పాడైన సెల్ ఫోనులోని అదురు మోటారు తీసి గరాటుకు కట్టవలసి వచ్చింది.

2024 జనవరి 14, భోగి. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, వంతెనను నిలబెట్టారు. ముగ్గు ఇల్లాలిదే. తొమ్మిది చుక్కలు, తొమ్మిది వరుసలు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని గళ్ళ కాగితం మీద గీసి ఇచ్చింది, ఏ మెలిక తరువాత ఏ మెలికో మనుమరాలికి చెప్పి వ్రాయించింది. చుక్కలు ముచ్చటగా పడ్డాయి. గీత సగం వరకు తిన్నగా సాగింది. అక్కడ కళ్ళాపి నీరు మడుగు కట్టిన చోట కుడి చక్రం జారింది. మోటారు ఒక్క అడుగూ తప్పలేదు, చక్రమే నిలిచిన చోట తిరిగింది. వంతెన వంకరగా నిలిచింది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. మిగిలిన సగాన్ని అంతే శ్రద్ధగా, అంతే నెమ్మదిగా, వంకరగా గీసి ముగించింది.

చుట్టూ చేరిన ఇరుగుపొరుగు బాగుందనే అన్నారు. ఇల్లాలు చేతికర్ర ఊతగా గుమ్మంలో నిలబడి చూసి, “కలవలేదు,” అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకొక మాట అంటే బాగుండునని పెద్దాయనకు అనిపించింది.

ఆయన అనుమానం చివరకు ఆ విధంగా నిజమైంది. ఎంత మిగులున్న మోటారు కొన్నా, తిరుగు రుజువు లేని పని తిరుగు రుజువు లేనిదే. ఆ యేడంతా ఆయన మోటార్ల జోలికి పోలేదు. వంతెన చక్రాల క్రింద పరచడానికి రెండు అల్యూమినియం పట్టాలు చేయించారు. పట్టాలు లేకుండా బండి నడపబోవడం రైల్వే మనిషికి తగిన పని కాదని తనను తానే ఎగతాళి చేసుకున్నారు. ఒక్కొక్క పట్టా మొదట ఒక చిన్న స్విచ్చి పెట్టించారు. పని మొదలుపెట్టే ముందు వంతెన రెండు వైపులా ఆ స్విచ్చిలను తాకి, అక్కడినుంచి లెక్క ఆరంభిస్తుంది. ముగ్గులో ప్రతి మూడవ వరుస తరువాత గరాటు మూసి, వెనక్కు వెళ్ళి మళ్ళీ తాకుతుంది. వెళ్ళిన అడుగులూ వచ్చిన అడుగులూ సరిపోకపోతే ఎర్ర దీపం వెలిగి పని ఆగిపోతుంది. మనుమరాలు ఇది అనవసరపు ఆలస్యమన్నది. ఈ ఒక్క విషయంలో ఆయన ఆమె మాట వినలేదు.

2025 జనవరి 13న మళ్ళీ భోగి వచ్చింది. అదే ముగ్గు, అదే కళ్ళాపి. ఈసారి చక్రాలు పట్టాల మీద నడిచాయి. ఎర్ర దీపం వెలగలేదు. చివరి మెలిక వంపు తిరిగి, బయలుదేరిన చుక్క ప్రక్కకు వచ్చి, మొదటి గీత మీద వాలి ఆగింది. పెద్దాయన ముగ్గు వైపు చూడలేదు, గుమ్మం వైపు చూశారు.

ఇల్లాలు మెట్టు దిగి వచ్చింది. చేతికర్రతో ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది. కొత్త మోకాళ్ళతో ఆమె వాకిట్లో అంతసేపు నిలబడడం అదే మొదలు.

“కలిసింది,” అన్నది. తరువాత కర్ర కొన చూపి, “వంపుల దగ్గర చూడవే, పిండి ఎట్లా ముద్ద కట్టిందో. వంపు తిరిగేటప్పుడు మీ యంత్రం తడబడుతోంది. తడబడితే తడబడనీ, చేయి మాత్రం అక్కడ బిగబట్టాలి. పిండి తక్కువ వదలాలి,” అన్నది.

మనుమరాలు వంగి చూసింది. నిజమే. దిక్కు మారేచోట మోటార్లు వేగం తగ్గించి మళ్ళీ అందుకుంటున్నాయి, హఠాత్తుగా మారితే అడుగు తప్పుతుందని ఆమే అట్లా ఏర్పాటు చేసింది. వేగం తగ్గినా గరాటు మాత్రం అంతే పిండి వదులుతున్నది.

“గరాటు మూతిని సన్నం చేసేందుకు ఇంకొక మోటారు కావాలి తాతయ్యా. బలం అక్కర్లేదు, తేలికగా ఉండాలి. పావు చుట్టు తిరిగితే చాలు. నెమ్మదిదైనా ఫరవాలేదు, వంపు రాకముందే కబురు పంపుదాం.”

పెద్దాయన మాట్లాడకుండా లోపలికి వెళ్ళి స్టూలు వేసుకుని అటక మీదినుంచి తాబేలును దించారు. దుమ్ము ఊది, దాని చక్రం ఊడదీసి, 28బివైజె-48ను మనుమరాలి చేతిలో పెట్టారు. ఇల్లాలు అప్పటికే గొబ్బెమ్మలకు బంతిపూలు తెమ్మని కోడలికి కేకవేస్తున్నది.